పొద ఖరీదు

ఊసరవెల్లిని పెంచాలంటే ఏమేం కావాలని అడిగితే, పెంపకంలో చేయి తిరిగినవాళ్లు చాంతాడంత జాబితా చెబుతారు. రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తున్న జాలీ పంజరం. పైన వేడి కోసం ఒక బల్బు, అతినీలలోహిత కిరణాల కోసం ప్రత్యేకమైన ట్యూబులైటు. వేళ ప్రకారం సన్నని తుంపర చల్లే పంపు, ఆకుల మీద బొట్టు బొట్టుగా నీరు రాల్చే సీసా. అడ్డంగా, ఏటవాలుగా కట్టిన కొమ్మలు, కుండీల్లో బతికున్న మొక్కలు. కీచురాళ్లను పెంచడానికి వేరే డబ్బా, వాటికి అద్దడానికి కాల్షియం పొడి. వేడినీ తేమనూ కొలిచే మీటర్లు, దీపాలను వేళకి వెలిగించి ఆర్పే టైమరు. వేలకు వేలు పోసి ఇవన్నీ తెచ్చి ఒకచోట అమరిస్తే చివరికి తయారయ్యేది ఒక పొద.

సిద్దిపేట నుంచి ఏ దిక్కుకు పోయినా అలాంటి పొదలు పైసా ఖర్చు లేకుండా మొలిచి ఉంటాయి. గుట్టల వాలు మీద సీతాఫలం, చెల్కల గట్ల మీద తంగేడు, రేగు, కంచెల వెంట పరికి, బలుసు. ఇలాంటి పొదలే మన ఊసరవెల్లికి ఇల్లు. కాకపోతే అది ఎదురుగా ఉన్నా మన కంటికి ఆనదు. ఈ అధ్యాయంలో పంజరం ఎలా కడతారో చెబుతాను. చదివినవాళ్లు వెళ్లి కట్టుకోవాలని కాదు. పంజరంలోని ఒక్కో సామాను ఎందుకని అడుగుతూ పోతే ఆ జంతువు ఒంట్లోని రహస్యాలన్నీ వరసగా బయటపడతాయి. నాకు తెలిసినంతలో ఊసరవెల్లి గురించి నేర్చుకోవడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు.

ముందు ఏ జంతువు గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోవాలి. మన ఊళ్లలో చాలామంది ఊసరవెల్లి అని వేలు పెట్టి చూపించేది తొండను. జతకట్టే కాలంలో మగతొండ తల, మెడ ఎర్రబడతాయి. ఆ రంగు చూసే ఈ పొరపాటు. తొండ గోడ మీద కూర్చుని తల ఊపుతుంది, అలికిడి అయితే పరుగు లంకించుకుంటుంది. ఊసరవెల్లికి పరుగు రాదు. రెండు పక్కల నుంచి అదిమినట్టు పలచగా ఉండే ఒళ్లు, తల వెనక గోపురంలా లేచిన ఎముక, చుట్ట చుట్టుకునే తోక, కొమ్మను పటకారులా బిగించి పట్టే పాదాలు దాని గుర్తులు. ముందు కాళ్లలో మూడు వేళ్లు లోపలి వైపు, రెండు బయటి వైపు కలిసిపోయి ఉంటాయి. వెనక కాళ్లలో లెక్క తిరగబడుతుంది. అడుగు వేసే ముందు అది ముందుకూ వెనక్కూ ఊగుతుంది. గాలికి ఊగే ఆకుల మధ్య ఆ ఊగుడు కలిసిపోతుంది. ప్రపంచంలో ఊసరవెల్లి జాతులు రెండు వందలకు పైనే ఉన్నాయి, వాటిలో దాదాపు సగం మడగాస్కర్ దీవిలోనే ఉన్నాయి. భారతదేశానికి ఉన్నది ఒకే ఒక్కటి. 1768లో వియన్నాకు చెందిన లారెంటీ దానికి శ్రీలంక పేరు మీద కమేలియో జైలానికస్ అని శాస్త్రీయ నామం పెట్టాడు. తోకతో కలిపి అడుగు దాటి పెరుగుతుంది.

ఈ మన జాతిని పెంచుకోవడం కుదరదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దీన్ని రక్షిత జంతువుల జాబితాలో చేర్చింది. పట్టడం, ఇంట్లో ఉంచుకోవడం, అమ్మడం నేరాలే, జైలుశిక్ష దాకా పోవచ్చు. పెంపుడు జంతువుల మార్కెట్లో తిరిగేవి విదేశీ జాతులు: యెమెన్, సౌదీ అరేబియా కొండల్లో పుట్టిన వెయిల్డ్ కమేలియన్, మడగాస్కర్ నుంచి వచ్చిన పాంథర్ కమేలియన్. ఇవి కూడా సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందం కిందకు వస్తాయి. మన చట్టాన్ని 2022లో సవరించి 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో పెట్టాక, 2024 ఫిబ్రవరిలో దానికి తగ్గ నియమాలు వచ్చాయి. ఇలాంటి విదేశీ జంతువు దగ్గర ఉన్నవాళ్లు కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్లో నమోదు చేసుకోవాలి. అది చేతులు మారినా, పిల్లలు పెట్టినా, చచ్చిపోయినా తెలియజేయాలి. రసీదు లేకుండా అట్టపెట్టెలో పెట్టి ఇచ్చే బేరాలు ఈ లెక్కలోకి రావు.

ఇక పంజరం. పెంపకందార్ల మధ్య మొదటి తగాదా జాలీయా అద్దమా అన్నది. చలిదేశాల్లో వేడినీ తేమనూ నిలుపుకోవడానికి అద్దం వైపు మొగ్గేవాళ్లు ఉన్నారు. కదలని గాలిలో, ఎప్పుడూ తడిగా ఉండే చోట ఊసరవెల్లికి ఊపిరితిత్తుల జబ్బులు వస్తాయి. అద్దంలో తన నీడ కనిపిస్తే ఇంకో ఊసరవెల్లి తన చోటుకు వచ్చిందనుకుని రోజంతా కోపంతో ఉడికిపోతుంది. పొద నాలుగు వైపులా తెరిచే ఉంటుంది కదా, అందుకని జాలీ. ఎత్తు విషయంలో మాత్రం ఎవరికీ భిన్నాభిప్రాయం లేదు. ఊసరవెల్లిని పట్టే గద్దలు, కాకులు పైనుంచి వస్తాయి. మనిషి తల పైనుంచి వంగి చూస్తే దానికి తెలిసింది ఆ ప్రమాదమే. అందుకే పంజరాన్ని బల్ల మీద పెట్టి, పై కొమ్మ మన కంటికంటే ఎత్తులో ఉండేలా చూస్తారు. మనం తలెత్తి చూడాలి, అది తల దించి చూడాలి.

వేడి దగ్గరికి వచ్చేసరికి పుస్తకాలన్నీ యూరప్ ఇళ్లను మనసులో పెట్టుకుని రాసినవని తెలిసిపోతుంది. వెయిల్డ్ కమేలియన్‌కు ఎండ కాచుకునే కొమ్మ దగ్గర 30 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల వేడి కావాలి. పంజరం కింది భాగం అంతకంటే చల్లగా ఉండాలి, రాత్రి 20కి దిగాలి. లండన్ ఇంట్లో దీనికి బల్బు కొంటారు. సిద్దిపేటలో మే నెల మధ్యాహ్నం నీడలోనే 42 దాటుతుంది. ఇక్కడ కొనాల్సింది కూలరు, అదీ కరెంటు పోయినప్పుడు ఆగకుండా నడిచే కూలరు. మరి గుట్ట మీది ఊసరవెల్లికి కూలరు ఎవరు పెట్టారు? పొద పెట్టింది. ఆకులు నీటిని ఆవిరిగా వదులుతుంటే వాటి మధ్య గాలి చల్లబడుతుంది. పొద్దున ఒంటిని నల్లగా చేసుకుని, పక్కటెముకలు చాపి, అరచెయ్యంత వెడల్పును సూర్యుడి వైపు తిప్పిన జంతువే మధ్యాహ్నానికి పాలిపోయి లోపలి కొమ్మకు దిగుతుంది. అప్పటికీ చాలకపోతే నోరు తెరిచి వేడి బయటికి పంపుతుంది. పంజరంలో నోరు తెరిచి కూర్చున్న ఊసరవెల్లిని చూసి నవ్వుతోందని ఫొటో తీసేవాళ్లున్నారు. అది వేడికి తట్టుకోలేక నోరు తెరిచింది. దానికి దిగిపోయే చోటు లేదు.

ట్యూబులైటు సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. సూర్యకాంతిలో 290 నుంచి 315 నానోమీటర్ల మధ్య తరంగాలు చర్మం మీద పడ్డప్పుడు ఒంట్లో విటమిన్ డి తయారవుతుంది. అది లేకపోతే తిన్న కాల్షియం ఎముకకు చేరదు. కిటికీ అద్దం ఈ తరంగాలను దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. కాబట్టి కిటికీ పక్కన పెట్టాం, ఎండ తగులుతోంది అనుకుంటే వెలుగు మాత్రమే తగులుతున్నట్టు. కొన్న ట్యూబు కూడా ఏడాది తిరిగేసరికి కంటికి వెలుగుతూనే ఉంటుంది, అతినీలలోహితం మాత్రం తగ్గిపోతుంది. ఎముకలు మెత్తబడడం మొదలైతే కాళ్లు వంకర్లు పోతాయి, దవడ వంగుతుంది, నాలుక గురి తప్పుతుంది. అమెరికాలోని టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీలో గ్యారీ ఫెర్గూసన్ బృందం పాంథర్ కమేలియన్ల మీద చేసిన ప్రయోగాలు 2003లో అచ్చయ్యాయి. తిండిలో విటమిన్ డి తక్కువైనవి అతినీలలోహిత కాంతిలోకి ఎక్కువ సేపు వెళ్లాయి, కడుపు నిండా అందినవి తగ్గించుకున్నాయి. అంటే తనకెంత ఎండ కావాలో ఊసరవెల్లి ఒంటికి తెలుసు. పెంచేవాళ్లు చేయగలిగిందల్లా ఎంచుకోవడానికి ఎండా నీడా రెండూ పక్కపక్కనే ఉంచడం. పొదలో ఒక్క జానెడు దూరంలో ఆ రెండూ ఉంటాయి.

నాలుక గురి అన్నాను కాబట్టి ఇక్కడ కొంచెంసేపు ఆగుదాం. నాలుక మధ్యలో సన్నని ఎముక ఉంటుంది. దాని చుట్టూ గొట్టం ఆకారంలో కండరం, ఆ రెండింటి నడుమ సాగే గుణమున్న కొల్లాజెన్ పొరలు. నెదర్లాండ్స్‌కు చెందిన డి గ్రూట్, వాన్ లీవెన్ 2004లో ఈ పొరల పనిని వివరించారు. కండరం బిగుసుకున్నప్పుడు శక్తి ముందు ఆ పొరల్లో నిలవవుతుంది. గొట్టం ఎముక కొనను దాటగానే అదంతా ఒక్కసారిగా విడుదలవుతుంది. వింటినారి లాగి వదలడం లాంటి పని ఇది. కండరం ఒక్కటే అంత వేగం ఇవ్వలేదు. 2016లో క్రిస్టఫర్ ఆండర్సన్ ఇరవై జాతుల నాలుకలను హైస్పీడ్ కెమెరాతో కొలిచాడు. అన్నిటికంటే చిన్నవాటిలో ఒకటి భూమ్యాకర్షణ త్వరణానికి 264 రెట్ల త్వరణంతో, తన ఒంటి పొడవుకు రెండున్నర రెట్ల దూరం నాలుక విసిరింది. అదే ఏడాది బెల్జియంలోని మాన్స్ విశ్వవిద్యాలయం వాళ్లు నాలుక చివరి జిగురును పరీక్షించారు. అది మనిషి లాలాజలం కంటే సుమారు 400 రెట్లు చిక్కగా ఉంది.

ఈ వింటినారి ఏర్పాటు వల్ల ఇంకో లాభం ఉంది. చలికి కండరాలు మందగిస్తాయి, కానీ సాగే పొరలకు చలితో పెద్దగా పని లేదు. ఆండర్సన్, స్టీఫెన్ డెబాన్ 2010లో వెయిల్డ్ కమేలియన్లను 15 డిగ్రీల చలిలోనూ పరీక్షించారు. నాలుక బయటికి దూకే వేగం కొద్దిగానే తగ్గింది, కండరం బలంతో వెనక్కి లాక్కునే పని మాత్రం బాగా మందగించింది. ఇంకా ఎండ ఎక్కని డిసెంబరు పొద్దుటిపూట, మిగతా బల్లి జాతులు కదల్లేక కూర్చున్న వేళ, ఊసరవెల్లి నాస్తా ముగించగలదన్న మాట.

గురి పెట్టేది కళ్లు. ఒక్కోటి ఒక్కో దిక్కుకు తిరుగుతాయి, పురుగు కనబడగానే రెండూ ఒకే చోట నిలుస్తాయి. దూరాన్ని అంచనా వేయడానికి మనం రెండు కళ్ల బొమ్మల్లోని తేడాను వాడుకుంటాం. ఊసరవెల్లి కెమెరా వాడు లెన్సు తిప్పినట్టు కటకాన్ని సర్దుకుంటూ, ఆ సర్దుబాటు ద్వారా దూరం తెలుసుకుంటుంది. ఈ పనికి దాని కటకం మరే వెన్నెముక జంతువులోనూ లేనంత వింతగా, కాంతికిరణాలను ఎడంగా చేసే రకంగా ఉంటుందని 1995లో ఒట్, షెఫెల్ చూపించారు. పంజరంలో పురుగులను ఎక్కడపడితే అక్కడ వదిలితే అవి మూలల్లో దూరిపోతాయి. అందుకే నాలుక అందే దూరంలో చిన్న గిన్నె కడతారు.

అసలు తిండి దగ్గరే చాలామంది తప్పటడుగు వేస్తారు. పురుగుల్లో కాల్షియం తక్కువ, భాస్వరం ఎక్కువ. అందుకే వేయబోయే కీచురాయికి ముందురోజు ఆకుకూర, క్యారట్ పెట్టి మేపి, వేసే ముందు పొడి అద్దుతారు. పెంచేది ఊసరవెల్లిని అనుకుంటాం గానీ రోజులో ఎక్కువ సేపు పెంచేది కీచురాళ్లనే. ఈ బాధెందుకు, చేను పక్కకు పోయి నాలుగు మిడతలు పట్టుకొస్తే పోలా అనిపిస్తుంది. సిద్దిపేట చుట్టూ పత్తి చేలున్నాయి. పురుగుమందు కొట్టిన చేనులో చిక్కిన మిడత ఎందుకు అంత తేలిగ్గా చిక్కిందో ఆలోచించాలి.

నీళ్ల గిన్నె పెడితే తాగదు. నిలవ నీటిని అది నీళ్లుగానే గుర్తించదు. ఆకు మీద మెరుస్తూ కదిలే బొట్టునే నాలుకతో అందుకుంటుంది. తుంపర పంపు, డ్రిప్పరు అందుకే. ఫైకస్, మందార, మనీప్లాంట్ లాంటి మొక్కలు ఆ బొట్లను నిలుపుతాయి, దాక్కోవడానికి చోటిస్తాయి. వెయిల్డ్ కమేలియన్ ఆకులు కూడా కొరుకుతుంది కాబట్టి విషపు మొక్క ఉండకూడదు. కళ్లు గుంటలు పడ్డాయంటే, విసర్జనలోని తెల్లని భాగం నారింజ రంగుకు తిరిగిందంటే నీళ్లు చాలడం లేదని అర్థం.

రంగుల గురించి ఇంతసేపూ చెప్పలేదు, ఎందుకంటే జనానికి తెలుసనుకునేది అదే. పచ్చటాకు మీద పచ్చగా, ఎర్రమట్టి మీద ఎర్రగా, గళ్ల చొక్కా మీద గళ్లుగా మారిపోతుందనేది కట్టుకథ. రాజకీయ నాయకులకు ఈ పోలిక వాడే పత్రికలవాళ్లు ఊసరవెల్లికి చేసిన అన్యాయం తక్కువేమీ కాదు. 2015లో జెనీవా విశ్వవిద్యాలయంలో మిషెల్ మిలింకోవిచ్ బృందం పాంథర్ కమేలియన్ చర్మంలో ఏం జరుగుతోందో చూపింది. చర్మకణాల్లో గ్వానిన్ అనే పదార్థపు సూక్ష్మ స్ఫటికాలు వరసలు కట్టి ఉంటాయి. ప్రశాంతంగా ఉన్నప్పుడు అవి దగ్గర దగ్గరగా ఉండి నీలికాంతిని తిప్పికొడతాయి. పైన పసుపు వర్ణకం ఉండడంతో మనకు ఆకుపచ్చ కనబడుతుంది. ఉద్రేకం వస్తే స్ఫటికాలు ఎడంగా జరుగుతాయి, పసుపు, నారింజ, ఎరుపు రంగులు పైకొస్తాయి. ఆ ఉద్రేకం ఎవరి కోసం? తోటి ఊసరవెల్లి కోసం. 2013లో రసెల్ లైగన్, కెవిన్ మెక్‌గ్రా మగ వెయిల్డ్ కమేలియన్ల కుస్తీలను చిత్రీకరించి చూస్తే, తలరంగు ఎవరిది తొందరగా మారిందో ఆ మగదే గెలిచే అవకాశం ఎక్కువని తేలింది. ఓడినది ఒళ్లంతా నల్లబరుచుకుని తప్పుకుంటుంది.

పంజరంలో రెండింటిని కలిపి ఉంచితే ఒకటి ఎప్పుడూ నల్లబడే ఉంటుంది, తప్పుకునే దారి ఉండదు. తినడం మానేస్తుంది, చిక్కిపోతుంది. అందుకే ఒక పంజరానికి ఒకటే ఊసరవెల్లి, పక్క పంజరం కూడా కనబడకూడదు. చేతిలోకి తీసుకున్నప్పుడల్లా రంగులు మారుస్తూ అందంగా కనిపించే జంతువు నిజానికి ప్రతిసారీ బెదిరిపోతోంది. కుక్కపిల్లలా అలవాటు పడుతుందనే ఆశతో కొన్నవాళ్లకు అది ఎన్నటికీ తీరని ఆశ.

ఆడదాన్ని పెంచేవాళ్లకు ఇంకో పరీక్ష. మగది లేకపోయినా వెయిల్డ్ కమేలియన్ ఆడది గుడ్లు పెడుతుంది. వాటికి పిల్లలు రావు, కానీ పెట్టక తప్పదు. చెట్టు మీద బతికే ఈ జంతువు గుడ్ల కోసం నేలకు దిగి గుంత తవ్వుతుంది. పంజరంలో అడుగు లోతున తడి ఇసుక ఉన్న తొట్టి లేకపోతే గుడ్లు కడుపులోనే చిక్కుకుని ప్రాణం తీస్తాయి. మన ఊసరవెల్లి కూడా మెత్తటి నేల వెతుక్కుని తవ్వి, ఇరవై ముప్పై గుడ్ల దాకా పెట్టి, మట్టి పూడ్చి వెళ్లిపోతుంది. పిల్లలు బయటపడడానికి నెలలు పడుతుంది. ఆ నెలలన్నీ ఆ నేలను ఎవరూ దున్నకూడదు.

వదిలించుకోవడమూ తేలిక కాదు. 1972లో హవాయిలో ఒక జంతువుల వ్యాపారి కెన్యా నుంచి తెప్పించిన జాక్సన్ ఊసరవెల్లులు ప్రయాణంలో నీరసించాయి. తేరుకుంటాయని వాటిని తోటలో వదిలాడు. అవి తేరుకుని, తోట దాటి, ఇతర దీవులకూ పాకాయి. అక్కడ మాత్రమే ఉండే నత్తలను ఇప్పటికీ తినేస్తున్నాయి. ఫ్లోరిడాలో వెయిల్డ్ కమేలియన్లది దాదాపు ఇదే కథ. పెంచలేక గుట్ట మీద వదిలేద్దామనుకునేవాళ్లు ఈ ముక్క గుర్తుంచుకోవాలి. అక్కడ అప్పటికే ఒక ఊసరవెల్లి ఉంది.

దాన్ని చూడాలంటే రాత్రి పోవాలి. పగలు ఆకుల్లో కలిసిపోయేది, నిద్రలో రంగు పాలిపోయి టార్చి వెలుగులో తెల్లగా కనబడుతుంది. శాస్త్రజ్ఞులు లెక్క తీసేది కూడా ఇలాగే. సన్నటి కొమ్మ చిట్టచివర పడుకుని ఉంటుంది. పాము పాకితే కొమ్మ ఊగి మెలకువ వస్తుంది, అదీ దాని కాపలా. పక్కన తెలిసిన మనిషి, కాళ్లకు బూట్లు లేకుండా పొదల్లోకి పోవద్దు, ఎందుకంటే పాములు తిరిగేదీ అప్పుడే. టార్చి ఎక్కువసేపు ముఖం మీద వేయకుండా చూసి వచ్చేయాలి. మన జిల్లాలోనే ములుగులో అటవీ కళాశాల, పరిశోధన సంస్థ ఉంది. ఏ కాలంలో, ఏ పొదలో, ఎన్ని కనబడ్డాయో రాసి పెట్టే విద్యార్థులు నాలుగేళ్లు దొరికితే సిద్దిపేట ఊసరవెల్లి గురించి చెప్పుకోవడానికి చాలా పోగవుతుంది. ఇప్పుడే మొదలుపెట్టడం మంచిది. 2020లో రంగనాయకసాగర్, 2022లో మల్లన్నసాగర్ జలాశయాలు మొదలయ్యాక నీళ్లు వచ్చిన చెల్కలు పొలాలవుతున్నాయి. గట్లు చదునవుతున్నాయి, గట్టు మీది తంగేడు కూడా పోతోంది.

వానాకాలంలో, చలికాలం మొదట్లో ఊసరవెల్లులు రోడ్లు దాటుతుంటాయి. రాజీవ్ రహదారి వెడల్పు దాటడానికి దానికి పట్టే సమయంలో ఎన్ని లారీలు పోతాయో ఊహించుకోవచ్చు. కనబడితే బండి పక్కకు ఆపి, వెనక వచ్చేవాళ్లకు చెయ్యి ఊపి, ఒక కట్టె దాని ముందు కాళ్ల కింద పెట్టాలి. అదే పట్టుకుని ఎక్కుతుంది. తోక పట్టి లాగొద్దు, బల్లికి మొలిచినట్టు దీనికి తెగిన తోక మళ్లీ మొలవదు. బుస కొడుతుంది, నోరు తెరుస్తుంది, గొంతు ఉబ్బిస్తుంది, విషం మాత్రం లేదు. ఎటు పోతోందో ఆ వైపు పొదలో కట్టెను ఆనిస్తే దిగిపోతుంది. దెబ్బ తగిలి ఉంటే ఇంటికి తీసుకుపోవద్దు. గాలి ఆడే అట్టపెట్టెలో ఆ కట్టెతో సహా పెట్టి, నీడలో ఉంచి, అటవీ శాఖ వాళ్లకు ఫోన్ చేయాలి.